ప్రభువు చూపించిన పెళ్లికూతురు

నేను వెన్న చిలుకుతుంటే అమ్మ అసాహేలు ఉత్తరం పైకి చదువుతోంది. అమెరికాలోని మా వెర్మాంటు కొండల నుంచి బర్మాకు మిషనరీగా వెళ్లాలని అతని తపన. కానీ పెళ్లికాని వాణ్ణి మిషను వాళ్లు ఓడ ఎక్కించరు. "ప్రార్థనలో ప్రభువు నాకు మీ తిర్జానే చూపించాడు" అని రాశాడు. మా తిర్జా అక్కకు చిన్నప్పటి నుంచీ బర్మా చూడాలని ఆశ. పెళ్లికాని ఆడపిల్లనూ వాళ్లు పంపరు.

అంతలో, అమ్మ చదివేది విన్న పక్కింటి కెజియా అత్త ఇంకో ఉత్తరం ఊపుకుంటూ వచ్చింది.

"ఒదినా, ప్రభువు మా పిల్లనూ చూపించాడట! పేరు తప్ప ఒక్క ముక్క తేడా లేదు."

జవాబు కోసం అసాహేలు అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు.

"ఏం నాయనా, ప్రభువు నిన్ను ఇల్లిల్లూ తిప్పుతున్నాడా?" అంది అత్త.

అతని ముఖం కందిపోయింది. "ఓడ వచ్చే నెలే అత్తా," అని గొణిగాడు.

"మీ పిల్ల ఏమంది అత్తా?" అని అక్క అడిగింది.

"పాముల దేశానికి చచ్చినా పోనంది."

"మీరు రాసిన మిగతా వాళ్లో?" అని అక్క అతని వైపు తిరిగింది.

"ఎవరూ ఒప్పుకోలేదండీ."

"ఇంకేం, ప్రభువు చిత్తం తేలిపోయింది!" అని అత్త నవ్వింది.

అక్క మేకుకున్న టోపీ తీసి పెట్టుకుంది. అసాహేలు వంకైనా చూడకుండా, పెళ్లి రోజు అడగడానికి పాస్టరుగారి ఇంటి దారి పట్టింది.