ఎత్తిన చెయ్యి

ఆ పెద్దమనిషి తలకాయ పోయిందో లేదో కొడుకు చెప్పనేలేదు, నిన్న నంద్యాల బస్సులో శిరివెళ్ల దాటేదాకా ఫ్రాన్సు దేశపు పెద్దమనిషి కథ చెప్పుకొచ్చి, ఆళ్లగడ్డలో దిగే హడావిడిలో సగంలో వదిలేశాడు, ఇప్పుడు ఊరి పంచాయతీ ఆఫీసు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డ జీవమ్మకు ఆ సగం కథే పదేపదే గుర్తొస్తోంది, లోపల బల్ల చుట్టూ మెంబర్లు, వాళ్లలో మొన్న ఎనభై ఒకటి ఎలక్షన్లలో గెలిచిన కొడుకు దేవదానం, చొక్కా అప్పుడే చెమటకు వీపుకంటుకుంది, జొరమని చెప్పి ఇంట్లోనే పండుకో నాయనా అని పొద్దున బతిమాలితే నవ్వాడు, బస్సులో విన్న ఆ పెద్దమనిషి పేరు పలకడానికి ఆమెకు నోరే తిరగలేదు, పల్లెటూరి ప్లీడరట, జనం ఎన్నుకుంటే సభకు పోయాడట, రాజును దించినవాళ్లలో ఒకడై కన్వెన్షన్‌లో కూర్చున్నాడట, కన్వెన్షన్ అనగానే తమ చర్చి కూటాలే అనుకుని ఆమె ప్రాణం కుదుటపడి, దేవుని మనిషేనా, వాక్యం ఎవరు చెప్పినారు రా అంటే, వాడు బస్సంతా తిరిగి చూసేట్టు నవ్వి, పందిట్లో పాటలు పాడే కన్వెన్షన్ గాదమ్మా, అది ఆళ్ల అసెంబ్లీ, రాజును సంపాల్నా వద్దా అని ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచినారు, రాజంటే గిట్టకున్నా ఆయప్ప మెట్లెక్కి వద్దన్యాడు, బయట కత్తులు పట్టుకొని జనం, అయినా వద్దన్యాడు, అయ్యో, ఆయప్పకు అమ్మ లేదా రా, పుస్తకంలో రాయలేదమ్మా.

సమాధుల దొడ్డి నా బండల పాలిష్ ఫ్యాక్టరీకి ఇచ్చేదానికి సరే అనేవాళ్లు చేతులెత్తండప్పా, అది చెన్నకేశవులు గొంతు, ఊరి పొలాల్లో సగం ఆయనవే, దేవదానంది తప్ప చేతులన్నీ లేచాయి, నిన్న ఆ దొడ్డి గోడ పట్టుకుని ఏడ్చిన మెంబరు మోషే చెయ్యి కూడా, ఆ దొడ్డిలోనే తన పెనిమిటి శాంతయ్య పడుకున్నాడు, అయినా ఆమె లోలోపల, ఎత్తరా, ఎత్తు, మీ నాయన ఏమీ అనుకోడు, సచ్చినోళ్లకు సోటు యాడన్నా దొరుకుతాది, ఏమప్పా దేవదానం, చెయ్యి పడిపోయిందా అన్నాడు చెన్నకేశవులు, బేతంచెర్ల బండల లారీలు వచ్చేది మీ ఇంటి ముందర్నే, చూసి దాటుకో, నవ్వులు, ఇంగ వద్దనేవాళ్లు ఎవురన్నా ఉండారా, మళ్లీ నవ్వులు, ప్రభువా, వాడు లేస్తాండాడు.

ఒక్కటే చెయ్యి, నంద్యాల కన్వెన్షన్ పందిట్లో నమ్మినోళ్లు చేతులెత్తండి అన్నప్పుడు ఒళ్లో నిద్రపోతున్న వాడి చేతిని తనే పట్టుకుని ఎత్తేది, ఇప్పుడెవరూ పట్టుకోలేదు, నవ్వులు ఆగిపోయాయి, చెన్నకేశవులే చూపు దించుకున్నాడు, బస్సులో వాడు ఊరికే నవ్వాడు గానీ ఇదీ కన్వెన్షనే, ఆ పెద్దమనిషి తల పోయిందో లేదో ఇక వాడిని అడగదు, ఆయనకు అమ్మ ఉండే ఉంటుంది, ఏ కిటికీ బయటో తనలాగే ఊచలు పట్టుకుని, అనుకుంది జీవమ్మ, ఎత్తొద్దురా ఎత్తొద్దురా అని కొడుకును లోలోపల బతిమాలుతూనే, తనకు తెలియకుండా తన చెయ్యి కూడా పైకి లేచి ఉండగా.