ఇరవై ఆరో మాట

రోజూ మొదటి రోగి రాకముందే వినికిడి పరీక్ష మిషన్‌ను తన చెవులతో సరిచూసుకోవడం చెవుల మాస్టారికి ముప్పై ఏళ్ళ అలవాటు. ఆసుపత్రిలో ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. ఆ పొద్దున కూడా హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. సన్నవీ బొంగురువీ కూతలన్నీ శుభ్రంగా వినిపించాయి. రికార్డు చేసిన మాటలు మాత్రం తడిసిన కాగితం మీద రాతలా అలుక్కుపోయాయి. మిషన్ పాడైందని ఆ నెలలో మూడోసారి రాసిచ్చాడు.

మెకానిక్ వచ్చి, విప్పి చూసి, దీనికి జలుబు కూడా లేదని నవ్వి వెళ్ళిపోయాడు. మాస్టారి దగ్గరే పని నేర్చుకుని ఇప్పుడు పక్క సీట్లో కూర్చుంటున్న ఆవిడ తానూ విని చూసింది. ఆవిడకి మాటలన్నీ స్పష్టంగానే వినబడ్డాయి. పరీక్ష చేసే గాజు గదిలో ఆయన్నే కూర్చోమంది. ఆడలేక మద్దెల ఓడన్నది తనేనని మాస్టారికి అప్పుడే తెలిసిపోయింది.

నుదుటి మీదా చెవుల వెనకా తీగలు అంటించారు. తెర మీద లేవాల్సిన అలలు లేవలేదు. చెవి బాగానే ఉంది, నరమే మాటను మెదడు దాకా సరిగ్గా మోయడం లేదు. ఈ ముక్క ఆయన ఎంతమందికి చెప్పాడో.

"పరీక్ష మాటలు మా ఆవిడ చేత చదివించమ్మా. ఆ గొంతైతే నాకు తెలుస్తుంది."

ఇల్లు ఆసుపత్రి వెనకే. ఫోన్ చేస్తే భార్య వచ్చింది. రోజంతా కూతలు విని అలిసిన చెవులతో ఇల్లు చేరితే ఆవిడ పక్కింటి తగవు దగ్గర్నుంచి కబుర్లు మొదలుపెట్టేది. ఆయన పేపరు చాటు నుంచి ఊ కొట్టేవాడు, ఒక్క ముక్కా వినకుండా. ఈ మధ్య ఆ కబుర్ల కోసమే వంటింటి గుమ్మంలో నిలబడుతున్నాడు. రాగం వస్తోంది, మాట రావడం లేదు. ఆవిడ కబుర్ల కోసం ఇప్పుడు ప్రాణం కొట్టుకుంటోంది.

పెదవులు కనబడకుండా గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆవిడ పరీక్ష కాగితంలోని ఇరవై అయిదు మాటలూ చదివింది. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ తోచింది తిరిగి చెప్పాడు. అయిపోయాక మరొకటి వచ్చింది, మెల్లగా, కాస్త పొడుగ్గా. ఆవిడ గొంతే. అంతకుమించి ఏమీ అందలేదు.

గిరుక్కున తిరిగాడు.

"చివర్న ఏమన్నావు?"

"ఏం లేదు లెండి."

అది పెదవుల మీద తెలిసింది. ఆయన ఊ కొట్టిన ప్రతిసారీ ఆవిడ చివరికి అనేది అదే. ఏమన్నావని ఆయన ఎన్నడూ మళ్ళీ అడగలేదు. ఇప్పుడు అడిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి, చేయి పట్టుకుని లేపింది.

గది తాళాలు పక్క సీటావిడకు ఇచ్చేసి, రేపటినుంచి రానని చెప్పాడు. ఇద్దరూ వరండా దాటి వెళ్ళిపోయారు. బల్ల మీద పరీక్ష కాగితం ఉండిపోయింది: ఇరవై అయిదు మాటలు, ఆరింటికి టిక్కులు, వాటి కింద, ఇంకో మాట వినబడగానే పక్క సీటావిడ అలవాటు కొద్దీ వేసిన ఇరవై ఆరు అంకె, దాని పక్కన ఖాళీ.