సరోజన చెంప మీది ఐసు

పంటి నొప్పి పగవాడికి కూడా వద్దంటారు. సరోజనకు వచ్చింది చెవి దాకా పాకి మనిషిని కూలేసే నొప్పి. అయినా మూలిగేది కాదు. పళ్ళు బిగబట్టి అంట్లు తోమేది, పొయ్యి ఊదేది. ఆ బిగబట్టడం కొడుకు పోయినప్పటి నుంచి మొదలైందని, పన్ను చెడింది అందుకేనని ఆమె మొగుడు రాయమల్లు నమ్మకం. కొడుకు పోయిన నాడు కూడా కంట తడి పెట్టని మనిషిని ఏం చెయ్యాలి? బొగ్గుబాయిలో దుంగలు నిలబెట్టి పైబండను ఆపే మొనగాడే, ఇంట్లో మాత్రం పాపం దిక్కు తోచక తిరిగేవాడు.

బలవంతాన మంచిర్యాల తీసుకుపోయాడు. అక్కడి పంటి డాక్టరు పన్ను పీకకుండా, వేరులోని నరం తీసి మందు నింపాడు.

"రెండు దినాలు సలుపుతుంది. ఇటుక వేడి చేసి కాపడం పెట్టకండి, వాపు ఇంకా పెరుగుతుంది. ఐసుముక్క బట్టలో చుట్టి చెంప మీద కాసేపు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టండి" అన్నాడు.

ఐసు! ఆ మాటకే రాయమల్లు గుండె గుభేలుమంది. మందమర్రి బొగ్గుబాయి కార్మికుల ఇళ్ళ లైన్లలో ఐసుకు ఒక్కటే పని. బాయిలో మనిషి పోయి, దూరపు చుట్టాలు రావాల్సి ఉంటే, మంచిర్యాల నుంచి రంపపు పొట్టు పోసిన గోనెసంచిలో ఐసుగడ్డ వస్తుంది. ఆ సంచి ఎవరింటి ముందు దిగితే ఆ ఇంట్లో పీనుగు ఉన్నట్టే. పోయినేడు పైబండ విరిగిపడి కొడుకు అంకయ్య పోయినప్పుడు, బల్లార్ష నుంచి అక్క యాదవ్వ వచ్చి తమ్ముడి ముఖం చూడాలని వాణ్ణి ఐసు మీదే ఉంచారు. తల్లి తట్టుకోదని ఆడవాళ్ళు సరోజనను పక్కింట్లో పట్టుకుని కూర్చున్నారు. కన్నకొడుకును తాకనైనా తాకనివ్వలేదు.

మర్నాటికి ఆమె దవడ బూరెలా పొంగింది. రాయమల్లు తడిగుడ్డ పెట్టాడు, కుండనీళ్ళు పెట్టాడు, ఏం లాభం లేదు. ఇక మొండి ధైర్యంతో బస్సెక్కి, మంచిర్యాల సోడాల దుకాణంలో చిన్న గడ్డ అడిగాడు. దుకాణం వాడు అలవాటు ప్రకారం పొట్టు పోసి గోనెలో చుట్టి ఇచ్చాడు. దాచుకుందామంటే దాగేదా అది! మందమర్రిలో దిగేసరికి కండువా కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి.

పక్కింటి లింగవ్వ చూడనే చూసింది. పొద్దుటి నుంచి సరోజన అలికిడి కూడా లేదాయె. చేతిలో చాట విసిరేసి, జుట్టు విప్పుకుని ఉరికొచ్చింది.

"ఓ అవ్వో! సరోజనక్క గూడ పాయెనా! కొడుకు ఎంబడే పాయెనా!"

"నోరు ముయ్యి లింగవ్వా! పంటి నొప్పికి తెచ్చిన!" అని రాయమల్లు మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? అప్పటికే లైనంతా వాకిట్లో చేరి శోకాలు అందుకుంది.

చెంప పట్టుకుని సరోజన గడపలోకి వచ్చింది. ఏడ్చే నోళ్ళు ఒక్కసారిగా మూతపడ్డాయి. లింగవ్వ సిగ్గుతో చచ్చిపోయింది. సరోజన ఎవరినీ చూడలేదు, మొగుడి చేతిలోని గోనెనే చూసింది.

"లోపటికి తే" అంది.

రాయమల్లు ముక్క పగలగొట్టి, పాత ధోవతి పేలికలో చుట్టి, భయం భయంగా ఆమె చెంపకు ఆనించాడు. విసిరికొడుతుందనుకున్నాడు. ఆమె ఆ మూట లాక్కుని, గుడ్డ విప్పేసి, ఐసును ఉత్త చేత్తో పట్టుకుంది.

"గింత సల్లగుంటదా?"

"ఆఁ."

"పోరనికి గిట్లనే పెట్టిన్రా? వీపు కింద?"

రాయమల్లు నేల మీద రాలిన పొట్టు ఏరసాగాడు.

"వాడు సలికి ఓర్వడయ్యా. ఎంత పెద్దగైనా, సలికాలమొస్తే నా దుప్పట్ల కాళ్ళు దూర్చెటోడు..."

ఇంకేం చెప్పలేక ఐసును చెంపకు ఒత్తుకుంది. ఏడాదిగా బిగబట్టిన ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది. వాచిన దవడతో, నోరు సరిగా తెరవరాక, గొంతులోనే కుమిలి కుమిలి ఏడ్చింది. చెంప తెల్లగా పాలిపోయినా చెయ్యి మాత్రం తియ్యలేదు.

"ఇగ తియ్యి సరోజనా. జరసేపు పెట్టి తియ్యాలె, మల్ల పెట్టాలె. డాక్టరు గట్లనే చెప్పిండు. తోలు పాడయితది."

"వానికి ఎవ్వలు తీసిన్రు?"

రాయమల్లు ఆమె చేతిలోంచి ఐసు లాగబోయాడు. లాగలేక, అక్కడే నేల మీద కూలబడి బావురుమన్నాడు.