మూడో గుంజ దగ్గర నేల

పొద్దున్నే బర్రెలను బయట కట్టేసి, గుంజల కొట్టంలో పేడ ఎత్తి, కాళ్లు దిగబడిన గుంటలు పూడ్చి, పైన అలకడం యశోదకు రోజూ ఉండే పని. ఆ కొట్టం నేల అలాంటిది. దిగులు దాచుకుని అడుగుపెడితే కాలు దిగబడుతుంది. చిన్న దిగులైతే వేళ్ల దాకా, పెద్దదైతే ఇంకా పైకి. నోరు తెరిచి చెప్పేస్తే నేలే పైకి తేలుస్తుంది. కూతురు గౌతమి పీయూసీ పరీక్షలప్పుడు గడ్డి వేయడానికి వచ్చి పిక్కల దాకా దిగిపోయి, లెక్కలు రావడం లేదని ఒప్పుకుంటే గానీ బయటపడలేదు. అత్త ఉచ్చెంగమ్మ మాత్రం బతికినన్నాళ్లూ ఆ నేల మీద బండ మీద నడిచినట్టే నడిచింది. ఆవిడ కడుపులో ఏ మాటా ఒక పూట నిలిచేది కాదు మరి.

ఆ కొట్టానికి కాంక్రీటు వేయిస్తానని మొగుడు పంపాపతి పట్టుబట్టాడు. కంప్లి కాలువ కింద ఊరు, వానొస్తే కొట్టమంతా రొచ్చు, బర్రెల గిట్టలు చెడిపోతున్నాయి, వడ్ల మూటలకు చెమ్మ తగులుతోంది. కారణాలన్నీ సబబైనవే. రోజూ పేడ పిసికే పని తగ్గుతుందంటే యశోదకు మాత్రం చేదా? కానీ ఆ మాట ఎత్తినప్పటి నుంచీ అతను కొట్టంలో కాలు పెట్టడం మానేశాడు. గడ్డి బయటి నుంచే విసురుతాడు. కొలతలు తీసేటప్పుడు టేపు కొస ఆమె చేతికిచ్చి తను బయట గట్టు మీదే నిలబడ్డాడు. లోపలికి పోక తప్పకపోతే చెక్క వేసుకుని దాని మీద నడుస్తాడు. తిండి కూడా మారింది. అన్నం మజ్జిగలో పిసికి, జావ చేసి, గోడ వైపు తిరిగి తాగుతాడు. అడిగితే పంటి నొప్పి అంటాడు.

యశోదకు భయం పట్టుకుంది. చీలమండ దాకా దిగుతున్న తన అడుగులను కూడా ఎవరూ చూడకముందే పూడ్చి అలికేసేది. అలికే చేతికి ఆ సౌకర్యం ఉంది.

మేస్త్రీ హులిగప్ప చూడవచ్చిన రోజు అతని కాలి వేళ్లు లోపలికి పోయాయి. కూతురు కాన్పుకొచ్చింది, రోజులు దాటుతున్నాయి, అదే గుబులని చెప్పి, నేల తేల్చగానే పని మాటల్లో పడ్డాడు. ఇది నల్లరేగడి, వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, దీని మీదే పోస్తే కాంక్రీటు పగిలిపోతుందన్నాడు. మట్టంతా తవ్వి తీసేసి, గరుసు పోసి, నీళ్లు చల్లి దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. దాని మీద ప్లాస్టిక్ పట్ట పరిచి కాంక్రీటు పోయాలి, కాలువ వైపు వాలు పెట్టాలి. గుంజల మొదళ్లు మాత్రం కదిలించకూడదు, కొట్టం ఒరిగిపోతుంది. రేపే జేసీబీ వస్తుంది.

"ఈ మట్టి యాడ పోస్తారప్పా?" అని యశోద అడిగింది.

"యాడైనా సరే, దూరంగా పోస్తే సాలు," అన్నాడు పంపాపతి గట్టు మీంచి. నెత్తి మీద మూట దించినవాడిలా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరితో యశోదకు సంగతి తెలిసిపోయింది. అతనికి కావలసింది కాంక్రీటు కాదు, ఈ మట్టి లేకపోవడం.

మేస్త్రీ పోయాక ఆమె కొట్టమంతా వెతికింది. మూడో గుంజ దగ్గర ఎవరో గడ్డి కుప్ప వేశారు. లాగి చూస్తే తొడ లోతు గుంట, గుంజ పట్టుకుని ఎగబాకిన మట్టి చేతుల జాడలు, అడుగున పంపాపతి చెప్పు. కుక్క ఎత్తుకుపోయిందని అతను చెప్పిన చెప్పు అది. చెప్పు పైకి తీసి, అక్కడే కూలబడి మొగుణ్ణి పిలిచింది.

చెప్పు చూసి అతను చెక్క మీదే ఆగిపోయాడు.

"రేపు మట్టి పోతాది. ఈ పొద్దు దిగు," అంది.

"నాకు పనుండాది."

"నువ్వు దిగకుంటే నేను లేయను."

చివరికి దిగాడు. నేల అతన్ని తొడల దాకా, నడుం దాకా లాక్కుంది. యశోద ఒక చేత్తో గుంజను, ఒక చేత్తో అతని జబ్బను పట్టుకుంది. తాను చేజేతులా మొగుణ్ణి మట్టిపాలు చేస్తున్నానేమో అనిపించింది. అయినా పట్టు వదల్లేదు.

"దవడ లోపల పుండు ఉండాది," అన్నాడు ఎట్టకేలకు. నోరు సగమే తెరుచుకుంది. "ఉగాది కాన్నుంచి మాన్తా లేదు. గుట్కా వల్లనే. ఆస్పత్రికి పోతే దానికో పేరు పెడతారని పోలేదు."

నేల అతన్ని మెల్లగా పైకి తెచ్చింది. యశోద ఏడ్చింది, తిట్టింది, ముఖం కడుక్కుని జేసీబీ వాణ్ణి నాలుగు రోజులు ఆగమని చెప్పింది. తెల్లారి మొదటి బస్సుకి బళ్లారి పోయారు. ఇంకొన్నాళ్లు ఆగుంటే దవడే తీసేయాల్సి వచ్చేదని డాక్టరమ్మ కోప్పడింది. పుండు కోసి కుట్లు వేసి, మాట్లాడొద్దని పంపింది.

వాళ్లు ఆస్పత్రిలో ఉండగానే గౌతమి దగ్గరుండి కాంక్రీటు పోయించింది. మూడో గుంజ చుట్టూ ఇద్దరు నిలబడేంత మేర పాత మట్టిని మాత్రం అలాగే వదలమని యశోద మేస్త్రీకి ఫోనులో చెప్పింది. ఎందుకని హులిగప్ప అడగలేదు. తనకు మనవరాలు పుట్టిందని మాత్రం చెప్పాడు.

ఇంటికొచ్చిన సాయంత్రం పంపాపతి ముఖానికి కట్టుతో కొత్త నేల మీద నడిచాడు. వాలు చూశాడు, మూలలు తట్టాడు. తర్వాత తనంతట తానే మూడో గుంజ దగ్గరి మట్టిలో అడుగుపెట్టాడు. చీలమండ దాకా దిగాడు. చెబుదామంటే నోరు తెరవకూడదు. దిక్కుతోచక పెళ్లాం వైపు చూశాడు.

యశోద వచ్చి పక్కన నిలబడింది. ఆమె కాళ్లూ అంతే దిగాయి. ఈసారి పూడ్చే పని పెట్టుకోలేదు.

"అది మళ్లా వస్తాదేమోనని భయమయితాండాది," అంది.

పంపాపతి తలాడించి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నేల ఇద్దరినీ కలిపి పైకి తేల్చింది.