పెళ్లి గంగాళంలో ఎగిరిన తునకలు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటేడు, జమ్మలమడుగులో ఖాతూన్‌బీ కూతురి పెళ్లినాడు, గంగాళంలో మాంసం ఎగరడం మొదలుపెట్టింది. అప్పుడే కోసిన పొట్టేలు. ఉప్పూ పసుపూ పడేసరికి తునకలు వణికాయి. ఒకటి ఏకంగా అంచుదాకా ఎగబాకింది. ఖాతూన్‌బీకి ఇది కొత్త కాదు. వేడి మాంసం అట్లాగే ఆడుతుంది, కాసేపటికి ఊరుకుంటుంది.

కానీ కర్మం కొద్దీ చూసింది, పెళ్లివారికన్నా ముందే వచ్చిన పెళ్లికొడుకు మేనత్త దిల్షాద్‌బీ. పులివెందులలో వాళ్లింటికి మాంసం చల్లారాకే చేరుతుంది. ప్రాణం పోకముందే తునకలు చేసిన మాంసం తినరాదని, ఇది అదేనని ఆమె తేల్చేసింది. బిస్మిల్లా చెప్పి పొట్టేలును కోసిన పీర్ సాహెబ్ ఆ మాట విని, అలిగి, అరుగెక్కి కూర్చున్నాడు. పెళ్లివారి బస్సు వచ్చే వేళైంది. దిల్షాద్‌బీ వద్దంటే వాళ్లలో ఒక్కరూ ముద్ద ముట్టరు. పెళ్లివారు పస్తులతో లేచిపోతే ఇక బిడ్డ బతుకేం కావాలి? ఖాతూన్‌బీ పక్కింటి సైన్సు అయివారు ఆనందయ్యను పిలిపించింది.

ఆనందయ్య గొంతు సవరించుకున్నాడంటే బడిగంట కొడితే తప్ప ఆగడు. పెళ్లింట్లో గంట ఎవరు కొడతారు? నరంలోనూ కండలోనూ సన్నటి పోగులుంటాయనీ, పోగు పొడుగునా కంటికి కనపడనంత చిన్న తలుపులుంటాయనీ మొదలుపెట్టాడు. బయట ఉప్పు ఎక్కువ, లోపల తక్కువ. ఒక తలుపు తెరుచుకుంటే ఉప్పు కరెంటును మోసుకుంటూ లోపలికి తోసుకొస్తుంది. ఆ తోపుడుకు పక్క తలుపు తెరుచుకుంటుంది, దానికి ఆ పక్కది. టూరింగు టాకీసు టిక్కెట్ల వరుసలో వెనకవాడు తోస్తే ముందరివాడు కిటికీకి గుద్దుకోడూ, అట్లాగన్నమాట. ఎవరి చోట వాళ్లే ఉంటారు, తోపుడు మాత్రం ముందుకు పోతుంది. ఆ తోపుడు తగిలితే కండ ముడుచుకుని ఎగురుతుంది.

"పొట్టేలు సచ్చి శానాసేపయింది తల్లీ. ఆ కబురు ఈ పోగులకు ఇంకా చేరలా. మనం ఉప్పేసినాము, అవి తలుపులు తెరిసినాయి. లోపలికొచ్చిన ఉప్పును మళ్లా బయటికి తోయాలంటే సత్తువ ఉండాల. ఆ సత్తువ అయిపోతాంది, అదే ఆగిపోతాది."

ఆగితే చూద్దామంది దిల్షాద్‌బీ. అందరూ గంగాళం చుట్టూ కూర్చున్నారు. తునకలు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. ఆమెకు నమ్మకం చాలక ఒకదాన్ని వేలితో పొడిచింది. అది ఆఖరుసారి ఎగిరింది. దానికన్నా ఎత్తుకు ఆమె చెయ్యి ఎగిరి ఆనందయ్య ముక్కుమీది కళ్లద్దాలను గంగాళంలో పడేసింది.

ఆయనకు కోపం రాలేదు సరికదా, పాఠం ఒంటబట్టిందని సంబరపడిపోయాడు. "చూసినావా తల్లీ, నిన్నడక్కుండానే చెయ్యి లేసె. పొట్టేలుకైనా మనకైనా అదే కరెంటు."

వీధి మొదట్లో బస్సు హారను వినిపించింది. ఖాతూన్‌బీకి ఏడుపొక్కటే తక్కువ. దిల్షాద్‌బీ తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది, అరుగు మీది పీర్ సాహెబ్ వీపును చూసింది, కొంగు నడుముకు దోపుకుంది.

"ఇందాక నా నోరు గూడా అట్లే లేసినట్టుండాది వదినా, నన్నడక్కుండానే. నువ్వు పోయి ఆయప్పను లోపలికి పిలువు. పొయ్యి నేను ఎలిగిస్తా."