బొంత కడుపులో దారం

“లాగితే వచ్చేదానికి ఇంత రాద్ధాంతం దేనికే?” అని అత్తగారు పొద్దుటినుంచీ అంటూనే ఉంది.

“నాయనమ్మా, నువ్వూరుకో. డాక్టరుకి చూపిద్దాం,” అంది మనవరాలు.

“నీకు ప్రతిదానికీ డాక్టరే. ఇంత ఆముదం పోస్తే అదే జారుకుంటూ వస్తుంది,” అన్నాడు కొడుకు, అలమారంతా కెలుకుతూ.

“ముందు నువ్వు తాగు నాన్నా. పనిచేస్తే దానికి పోద్దాం.”

కుట్టుమిషను కింద బొంత ముడుచుకుని పడుకుంది. ఒంటినిండా అతుకులేసినట్టు మచ్చలుంటాయని ఆ కుక్కకి అత్తగారు పెట్టిన పేరది. నిన్నటినుంచీ తిండి ముట్టలేదు. తాగిన నీళ్ళు తాగినట్టే కక్కేస్తోంది. ఇప్పుడు తోక కింద జానెడు మెరూన్ దారం వేలాడుతోంది. ఆ దారం ఎక్కడిదో ఇంట్లో అందరికీ తెలుసు. గౌన్ల అంచులకి కోడలు వాడుతున్నదే.

కోడలికి దారం వేలాడితే చెయ్యి ఊరుకోదు. బస్సులో ముందు సీటాయన చొక్కా కాలరుకి పోగు కనిపించినా తుంచిగానీ దిగదు. కిందికి వంగి, ఒక అరచెయ్యి బొంత పొట్టమీద ఆనించి, రెండో చేత్తో కొసను పట్టుకుని లాగింది.

కాస్త వచ్చింది. ఆగింది. బొంత పసిపిల్లలా ఏడ్చింది. అరచేతికింద, పొట్టలోపల ఏదో దగ్గరికి ముడుచుకుంది.

ఆ స్పర్శ కోడలికి బాగా తెలుసు. గౌను నడుముకి పొడుగు కుట్లు వేసి, దారం కొస పట్టుకుని లాగితే బట్టంతా వేళ్ళ దగ్గరికి కుచ్చులు కుచ్చులుగా వచ్చి చేరుతుంది. అచ్చం అలాగే. ఆమె నిప్పు ముట్టుకున్నట్టు దారం వదిలేసింది.

“ఇంకాస్త లాగవే, వస్తోందిగా!”

“ఎవరూ దాన్ని ముట్టుకోకండి!” కోడలి గొంతు అంత పైకి లేవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. “ఏమండీ, బండి తియ్యండి.”

ఆస్పత్రిలో మిగతావాళ్ళు బయట బెంచీమీద కూర్చున్నారు. లోపల కోడలు బొంత తల పట్టుకుంటే డాక్టరమ్మ నోరు తెరిచి, నాలుక పైకెత్తింది. నాలుక మొదట్లో మెరూన్ గీత.

“ఒక కొస ఇక్కడ చిక్కుకుందమ్మా. మిగతాదంతా పేగుల్లోకి పోయింది. పేగు దాన్ని కిందికి నెట్టాలని చూస్తుంది, దారం కదలదు. దాంతో పేగే దారం మీదికి ముడుచుకుంటుంది.”

“కుచ్చులు పట్టినట్టా?”

“అచ్చంగా. బిగుసుకున్న చోట దారం పేగును కోసేస్తుంది.” డాక్టరమ్మ తలెత్తింది. “ఎవరైనా లాగారా?”

“నేనే. కొంచెం.”

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండును అనిపించింది. పొట్టంతా నెమ్మదిగా తడిమి, “కోసి చూస్తేగానీ పేగు తెగిందో లేదో తెలీదు. తెగి ఉంటే నేను మాటివ్వలేను. ఇలాగే ఇంటికి తీసుకెళ్తే మాత్రం బతకదు. ఆలస్యం చెయ్యకండి,” అంది.

బొంత కోడలి మణికట్టును ఒకసారి నాకింది. ఇందాక లాగిన చెయ్యే అది.

బయట అత్తగారు ఖాళీ గొలుసును ఒళ్ళో పెట్టుకుని నలుపుతోంది. రాత్రిళ్ళు బొంత పడుకునేది ఆవిడ కాళ్ళ దగ్గరే. “కత్తి పెడతానందా? వద్దే. ముసలి ప్రాణం, తట్టుకోలేదు. ఇంటికి తీసుకుపోదాం. నా దగ్గర పడుకుంటే అదే సర్దుకుంటుంది.” కొడుకు నేలచూపులు చూస్తున్నాడు. మనవరాలు గోళ్ళు కొరుకుతోంది.

కోడలు అత్తగారి పక్కన కూర్చుంది. గోటిసందున ఇంకా మెరూన్ నూగు. గొలుసుతో పాటు ఆవిడ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“కోయమని చెప్పేశాను అత్తయ్యా,” అంది మెల్లగా, ముగ్గురికీ వినిపించేలా. “లోపలికి తీసుకెళ్ళారు.”