సలోమి సిస్టర్ ఎడమ చెయ్యి

నేను ఒక పాదరసం బీపీ మిషన్‌ను. బూడిదరంగు ఇనుప పెట్టె, లోపల గీతలున్న గాజుగొట్టం, చేతికి చుట్టే గుడ్డపట్టీ, గాలి కొట్టే రబ్బరు బుడ్డి. ఇంతే నా శరీరం. ఉత్తరాదిలో ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. అక్కడి నుంచి ఒక డాక్టరుగారి బల్ల మీదికి చేరాను. ఆయన కొత్త మిషన్ కొనుక్కున్నాక నన్ను సర్కారు దవాఖానకు దానం చేసి ఫొటో దిగాడు. ఫొటోలో ఆయనొక్కడే పడ్డాడు.

గోదావరి ఒడ్డు పట్టణంలో ఆ దవాఖాన. ఆడవాళ్ల వార్డులో నా ఉద్యోగం. ఆ వార్డుకు పెద్ద నర్సు సలోమి సిస్టర్. ఉప్పు మానేశామని ఆమె ముందు ఒట్టు పెట్టి, దిండు కింద మామిడికాయ తొక్కు దాచుకునే పేషెంట్లను నేను వందల మందిని చూశాను. వాళ్ల నోళ్లు చెప్పనివన్నీ నా పాదరసం చెప్పేసేది.

ఏటా నర్సింగ్ స్కూలు పిల్లలు పని నేర్చుకోవడానికి వచ్చేవారు. ఆ ఏడు వచ్చిన వాళ్లలో మడావి జంగుబాయి ఒకతె. ఉట్నూరు అవతల గోండు గూడెం పిల్ల. వాళ్ల గూడెం నుంచి నర్సు చదువుకు వచ్చిన మొదటి మనిషి. మొదటిరోజే నన్ను ఒక ముసలమ్మ మంచం దగ్గర పెట్టి, పట్టీ చుట్టి, స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని, గాలి కొట్టి వదిలింది. ఒకసారి కాదు, మూడుసార్లు. చివరికి ముసలమ్మ చూస్తుండగానే, పక్క పేషెంటు చీటీలోని అంకె చూసి అదే రాసేసింది.

మధ్యాహ్నం నన్ను సామాను గదిలో పెట్టడానికి వచ్చి, తలుపు మూసుకుని ఏడ్చింది. వెనకే సలోమి సిస్టర్ వచ్చింది.

"ఏమైంది బిడ్డా?"

"నాకేం వినబడలే సిస్టర్. పక్కామెది చూసి రాసిన. నన్ను ఇంటికి పంపిస్తరా?"

సిస్టర్ స్టూలు లాక్కుని కూర్చుంది.

"వినబడలేదని చెప్పుడు తప్పు గాదు. విననిది రాసుడే తప్పు. ఆ చీటీ కొట్టేసి వద్దాం పా. ముందుగాల నా చెయ్యి చూడు."

అంటూ ఎడమ చెయ్యి చాపింది. జంగుబాయి స్టెతస్కోపు పెట్టుకుంది. సిస్టర్ పకపకా నవ్వింది.

"అందుకే వినబడలే! చెవి పుల్లలు ఎనకకు తిరిగినయ్. ముక్కు దిక్కుండాలె."

తిప్పి పెట్టుకుంది. నా పాదరసం మెల్లగా దిగుతుంటే ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి.

"సిస్టర్! టక్కు టక్కుమంటుంది!"

ఆ కేక వార్డంతా వినబడింది. ముసలమ్మ మంచం మీంచే, "ఇగ నాది గూడ సూడు బిడ్డా, గప్పుడు పొల్లు అంకె రాసినవ్ గదా!" అంది. అందరూ నవ్వారు, జంగుబాయి కూడా. ఆ రోజు నుంచి భోజనాలయ్యాక సిస్టర్ కుడిచేత్తో రిజిస్టరు రాస్తూ ఎడమచెయ్యి జంగుబాయికి అప్పగించేది. పట్టీ బిగిసి చర్మం కందినా చెయ్యి లాక్కునేది కాదు.

నెల తిరిగింది. రజిత అనే ఎనిమిదో నెల గర్భిణిని ఇంటికి పంపుతున్నారు. పొద్దున చీటీలో నూట ఇరవై, ఎనభై అని ఎవరో రాసి ఉంచారు. రజిత నుదురు పట్టుకుని, "తలకాయ పగిలిపోతుందక్కా" అంది. జంగుబాయి నన్ను తెచ్చింది. నా పాదరసం నూట అరవై దగ్గర కొట్టుకోవడం మొదలుపెట్టి, నూట పది దాకా ఆగలేదు. ఆ పిల్ల చీటీని చూసింది, నన్ను చూసింది. మళ్లీ కొలిచింది. అదే అంకె. పరుగెత్తింది.

"సిస్టర్, చీటీల వేరే ఉంది. నాకైతే నూట అరవై, నూట పది వినబడింది. నేను తప్పేమో, మీరొక్కసారి వినుండ్రి."

సిస్టర్ విన్నది. మరుక్షణం డాక్టరమ్మకు కబురు వెళ్లింది. మందులెక్కించారు, సాయంత్రానికి ఆపరేషన్ చేశారు. తల్లి దక్కింది. బిడ్డ చిన్నదే కానీ, ఏడుపు మాత్రం రెండు వార్డులు దాటింది. డాక్టరమ్మ బయటికి వచ్చి, "ఇంటికి పంపుంటే ఇద్దరూ దక్కేవాళ్లు కాదు. ఎవరు చూసిన్రు?" అని అడిగింది. సిస్టర్ జంగుబాయిని ముందుకు తోసింది. ఆ పిల్ల సిగ్గుతో నా పెట్టె మూత పదిసార్లు తుడిచింది.

మర్నాటి నుంచి సిస్టర్ చేతి కోసం మధ్యాహ్నం పిల్లలు వరుస కట్టారు.

తర్వాత పాదరసం మిషన్లు వద్దని ఉత్తర్వు వచ్చింది. నా పాదరసం జాగ్రత్తగా తీసేసి, నన్ను నర్సింగ్ స్కూలు అద్దాల బీరువాలో పెట్టారు. దిగులేమీ లేదు. ఎదురుగా కొత్త పిల్లలు ఒక రబ్బరు చేతి మీద సాధన చేస్తుంటారు. అది నొప్పి అనదు, ఏ ఊరు బిడ్డా అని అడగదు. అయినా నిన్న ఒక పిల్ల దానికి పట్టీ చుడుతూ, "జర బిగుతుగ ఉంటదమ్మా, భయపడకు" అంది. ఈ పిల్ల నేర్చుకుంటుందిలే అనుకున్నాను.